ఒకే పేరుతో ఇద్దరు

హాల్లో గోడ మీద సారు వంశవృక్షం అతికించిన రోజు నాకు ఒళ్ళు మండింది. అంతకు ముందు వారమే స్టూలెక్కి ఆ గోడంతా తుడిచాను. ఆయన ఆఫీసు నుంచి చంకలో తెల్లకాగితం చుట్ట పెట్టుకుని వచ్చి, సోఫా వెనకాల ఈ కొస నుంచి ఆ కొస దాకా టేపు వేసి అంటించేశాడు. ఏసీ గాలికి అది టపటపా కొట్టుకునేది. ‘ఇది మా చెట్టు’ అని నాకు చూపించి మురిసిపోయాడు. బాగుంది సార్ అన్నాను. రేపు జిగురు మరకలు గోకాల్సింది నేనే కదా అని లోపల తిట్టుకున్నాను.

అది ఖతార్‌లో అల్ వుకైర్ వైపు ఒక కాంపౌండ్‌లోని విల్లా. ఇంట్లో ఉండేది సారు, ఆయన తల్లి, నేను. సారుకు లుసైల్‌లో ఇంజనీరు ఉద్యోగం. భార్యతో విడిపోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. తల్లికి ఎనభై దాటాయి, మతిమరుపు మొదలైంది. అర్జెంటీనాలో ఆమెను ఒక్కదాన్నే వదలలేక, అక్కడి ఇల్లు అమ్మేసి వెంట తెచ్చుకున్నాడు. ఆమెకు స్నానం చేయించడానికి, తినిపించడానికి, పక్కన కూర్చోవడానికి నన్ను పెట్టుకున్నాడు. మాది రాయచోటి పక్క పల్లె. ముందు కువైట్‌లో రెండిళ్ళలో చేశాను కాబట్టి ముసలివాళ్ళను చూసుకోవడం నాకు కొత్త కాదు.

కాంపౌండ్ పిల్లలు ఆమెను నోన్నా అనేవాళ్ళు. ఇటలీ భాషలో అవ్వ అని అర్థమట. మరి ఆ చుట్టుతిరుగుడు ఎందుకని నేను మొదటిరోజే అవ్వా అని పిలిచాను. పలికింది. ఆమెది స్పానిష్, దానిలో వాళ్ళ అమ్మానాన్నల ఇటలీ పల్లె మాట, పైన కాస్త ఇంగ్లీషు. నాది కువైట్‌లో నేర్చిన ఇంగ్లీషు ముక్కలు, అరబ్బీ ముక్కలు, మిగతాది మా ఊరి తెలుగు. ఇద్దరు మనుషులు ఒకే గదిలో ఏళ్ళ తరబడి ఉంటే భాష దానంతటదే దారి చేసుకుంటుంది. అవ్వ మాటలను ఇక్కడ నాకు అర్థమైన తెలుగులోనే రాస్తున్నాను.

సారుకు ఆ చెట్టు సరదా పని కాదు. ఎండాకాలం వెళ్ళేసరికి ఆయన కాంట్రాక్టు అయిపోతుంది, ఇక కొనసాగించేది లేదని కంపెనీ చెప్పేసింది. ఖతార్‌లో డ్యూటీ లేకపోతే ఉండనివ్వరు. అర్జెంటీనాలో ఇల్లు లేదు, మనిషి లేడు. ఇటలీ పౌరసత్వం వస్తే అక్కడ ఉద్యోగం వెతుక్కుని, తల్లిని ఆమె అమ్మానాన్నల ఊరికి తీసుకుపోవచ్చని ఆయన ఆశ.

అవ్వకు కావలసింది కూడా అదొక్కటే. పొద్దున కళ్ళు తెరిస్తే అదే మాట, పడుకునే ముందు అదే మాట.

“ఊరికి తీసుకెళ్ళండి. చిన్నది ఒక్కతే ఉంది అక్కడ.”

ఏ చిన్నది అని అడిగితే కొంగలా మెడ చాచి నన్ను చూసేది, ఇంత తెలిసిన విషయం కూడా తెలియదా అన్నట్టు. ‘అక్కడ మాకెవరూ లేరు, అమ్మ మాటలు పట్టించుకోకు’ అని సారు చెప్పాడు. నేను పట్టించుకోలేదు. మతి తప్పినవాళ్ళు లేని మనుషులను పిలవడం కువైట్‌లోనూ చూశాను.

చలికాలం మొదట్లో వాళ్ళకు చనిపోయినవాళ్ళను తలచుకునే రోజు ఒకటి ఉంటుంది. ఆ రోజు అవ్వ నా చేత కొవ్వొత్తి తెప్పించుకుని వెలిగించి, ఒక పేరు చెప్పి ఏడ్చేది. ఆ పేరు ఆమెదే. బతికుండగా తన పేరుకు తానే దీపం పెట్టుకునే మనిషిని నేను అంతకు ముందు ఎక్కడా చూడలేదు. కొవ్వొత్తి ఆర్పేద్దామా అనిపించింది. సారుతో చెబితే మతిమరుపులే అన్నాడు.

గోడ మీద చెట్టు మాత్రం పెరుగుతూ పోయింది. సారు సాయంత్రాలు కంప్యూటరు ముందు కూర్చుని ఆ దేశానికీ ఈ దేశానికీ రాసేవాడు, జవాబు వస్తే లేచి స్కేలు పెట్టి గీత గీసేవాడు. ఇటలీలో కొండ మీద ఒక పల్లె. అక్కడ మేకలు కాసిన ముత్తాత. ఆయన కొడుకుల్లో ఒకడు పెళ్ళాన్ని తీసుకుని ఓడెక్కి అర్జెంటీనా చేరాడు. ఆయనే అవ్వ తండ్రి. అక్కడ రైల్వేలో పని దొరకడానికి ఆ దేశపు పౌరుడైపోయాడు. అదే చిక్కు. తండ్రి పౌరసత్వం మార్చుకున్న తర్వాత పుట్టిన బిడ్డకు ఇటలీ హక్కు రాదని వకీలు చెప్పాడు. అవ్వ పాస్‌పోర్టులో పుట్టిన చోటు అర్జెంటీనా అని ఉంది.

మా ఊళ్ళో వంశం తెలుసుకోవడానికి ఇంత కష్టం లేదు. పొలం గట్టు దగ్గర తగాదా వస్తే చాలు, నాలుగు తరాల పేర్లు తిట్లతో సహా బయటికొస్తాయి. ఆ చెట్టులో నాకు వింతగా తోచింది పేర్లే. అంతమందికీ కలిపి గుప్పెడు పేర్లు. పెద్దకొడుక్కి తాత పేరు, పెద్దకూతురికి అవ్వ పేరు, మళ్ళీ వాళ్ళ పిల్లలకు అవే పేర్లు. ఎవరిని పిలిస్తే ఎవరు పలికేవాళ్ళో అనుకునేదాన్ని. మాలోనూ తాత పేరు పెట్టుకుంటారు. మా తమ్ముడికి మా తాత పేరే. మామ పేరు నోటితో అనకూడదు కాబట్టి మా అమ్మ వాణ్ణి జీవితంలో పేరు పెట్టి పిలవలేదు. కోపం వచ్చినా ‘పెద్దాయనా, చీపురు తిరగేస్తా’ అనేది.

ఒకరోజు సారు ఆఫీసు నుంచే ఫోను చేశాడు. ఆ గొంతులో అంత సంతోషం నేనెప్పుడూ వినలేదు. ఇటలీలోని ఆ పల్లె నుంచి జవాబు వచ్చిందట. అవ్వ అమ్మానాన్నలకు ఆ ఊళ్ళోనే ఒక ఆడపిల్ల పుట్టింది. పేరు అవ్వ పేరే. అంటే అవ్వ ఇటలీలోనే పుట్టింది, చంటిబిడ్డగా ఓడలో వచ్చింది, అర్జెంటీనాలో దిగాక అక్కడ పుట్టినట్టు రాయించారు. వయసులో రెండు మూడేళ్ళ తేడా వచ్చింది గానీ, చదువురాని వాళ్ళు, ఏదో ఒకటి చెప్పి ఉంటారని సారు అన్నాడు. నేనూ తల ఊపాను. నా పుట్టినరోజు బళ్ళో అయ్యవారు తన వీలు చూసుకుని వేసిందే.

ఆ సాయంత్రం సారు చెట్టు మీద అవ్వ పేరున్న గడిలో పుట్టిన ఊరు మార్చి రాశాడు. తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చుని చెప్పాడు.

“అమ్మా, నువ్వు పుట్టింది అక్కడేనట. మనం వెళ్ళిపోతున్నాం.”

అవ్వ తల అడ్డంగా ఊపింది. “నేను కాదు. అది.”

“నువ్వేనమ్మా.”

“నేను కాదు. అది అక్కడే ఉండిపోయింది. నేను తర్వాత వచ్చాను.”

సారు ఆమె నుదురు ముద్దు పెట్టుకున్నాడు. నాకు చిరాకేసింది. ఇంత శుభవార్త చెబుతుంటే ఈ అపశకునం ఏమిటని, “అవునను అవ్వా, నీ సొమ్మేం పోతాది” అని మా తెలుగులోనే కసిరాను.

సారు కారు నడిపే డ్రైవరు జగిత్యాల దగ్గరి మనిషి. నన్ను అక్కా అంటాడు. ఆ వారం కూరగాయలు దించుతూ వంటగదిలో నిలబడ్డాడు.

“సార్‌కు ఇటలీ పాస్‌పోర్ట్ అస్తదట గదక్కా. మంచిగనే ఉంది గని, మన డ్యూటీ ఖతం.”

“నీకేం తమ్ముడూ, ఇంకో ఇల్లు దొరుకుతాది. ఆయమ్మ సంతోషపడనీ.”

“మా అమ్మకు ఫోన్ల చెప్పిన. ఇటలీ అంటే దుబాయ్‌ల ఇంకో కంపెనీ అనుకుంటున్నది.”

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ పది పదిహేను రోజులు ఆ ఇంట్లో అందరూ నవ్వారు. సారు గడ్డం గీసుకుంటూ పాటలు పాడాడు. నేను అవ్వకు ఊలు స్వెట్టరు కొన్నాను, కొండ మీద చలిగా ఉంటుందని. బయట ఎండకు కారు తలుపు ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది, నేను స్వెట్టరు మడతపెడుతున్నాను.

ఊళ్ళో ఒక చుట్టం ఇంకా బతికే ఉందని తెలిసింది. అవ్వకు పెదనాన్న కూతురు, తొంభై దాటిన మనిషి. ‘నేనీ కుటుంబాన్ని ఎరుగుదును’ అని ఆమె ఒక మాట చెబితే పని ఇంకా తేలికవుతుందని వకీలు అన్నాడట. శుక్రవారం సెలవు రోజు, మధ్యాహ్నం భోజనాలయ్యాక సారు పెద్ద తెర మీద వీడియో కాల్ కలిపాడు. అవ్వకు తల దువ్వి, ముత్యాల పేట వేసి, తెర ముందు కూర్చోబెట్టాను.

తెర మీద నల్లబట్టలేసుకున్న ముసలమ్మ కనబడింది. వెనకాల ఎవరో కుర్చీ పట్టుకుని నిలబడ్డారు. నాలుగు మాటలైనా సరిగ్గా గుర్తుండని మా అవ్వ, ఆమెను చూడగానే తన తల్లి మాటలో గడగడా మాట్లాడటం మొదలుపెట్టింది. సారుకే కొన్ని మాటలు అందడం లేదు. అందినవి నాకు ఇంగ్లీషులో చెబుతున్నాడు. నవ్వుతూనే చెబుతున్నాడు. ఒకచోట ఆగిపోయాడు.

నేను ఆయన ముఖం చూశాను. “ఏమంది సార్?”

ఆయన తెర వైపు వంగి ఏదో అడిగాడు. ఆ ముసలమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విని, మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. ఈసారి నిదానంగా చెప్పింది. సారు నాకు ఇంగ్లీషులో చెప్పలేదు. అవ్వే నా చెయ్యి పట్టుకుని చెప్పింది, తన ముక్కల ఇంగ్లీషులో.

ఆ ఊళ్ళో పుట్టిన బిడ్డ అవ్వ కాదు, అవ్వకు అక్క. నడక రాకముందే జబ్బు చేసి పోయింది. తెల్లపెట్టెలో పెట్టి, ఈ ముసలమ్మ తల్లే దాన్ని తలమీద మోసుకుని కొండెక్కింది. అప్పుడు ఈమె చిన్నపిల్ల, తల్లి కొంగు పట్టుకుని వెనకే నడిచింది. ఆ తర్వాతే అవ్వ అమ్మానాన్నలు ఓడెక్కారు. కొన్నాళ్ళకు అర్జెంటీనా నుంచి కబురొచ్చింది, మళ్ళీ ఆడపిల్ల పుట్టింది, పోయినదాని పేరే పెట్టామని. ఊరంతా సంతోషించిందట. వాళ్ళలో అదే ఆచారం. పోయిన బిడ్డ పేరు తర్వాతి బిడ్డకు పెడతారు. పేరు ఊరికే పోకూడదు, ఎవరో ఒకరు దానికి పలుకుతూ ఉండాలి.

అవ్వ ఇన్నాళ్ళూ చెప్పింది ఇదే. మేమే వినలేదు.

అవ్వ తెర వైపు తిరిగి అడిగింది. “ఎక్కడుంది అది? చూపించు.”

ఆ ముసలమ్మ వెనకున్న మనిషి వైపు ఒకసారి చూసి చెప్పింది. అక్కడ గోరీలు కలకాలం ఉంచరట. కొన్నేళ్ళు గడిచాక తవ్వి, కొత్తవాళ్ళకు చోటిచ్చి, పాత ఎముకలన్నీ ఒకే గుంతలో కలిపేస్తారట. యుద్ధం తర్వాత ఎప్పుడో దాన్నీ కలిపేశారు. డబ్బు కట్టి అడ్డుపడేవాళ్ళు ఊళ్ళో ఎవరూ లేరు. ఆ గుంత మీద ఒకటే రాయి, పేర్లు లేవు.

“మా అమ్మ తిరిగొస్తానని దానికి చెప్పి వచ్చింది” అంది అవ్వ. “ముసలిదై మంచం పట్టాక నాతో చెప్పింది, నువ్వన్నా వెళ్ళమని. నేను వెళ్తానన్నాను.”

తెర మీద ఆమె ఏడుస్తోంది. వెనక నిలబడ్డ మనిషి ఇక చాలన్నట్టు చెయ్యి ఊపి కాల్ ఆపేశాడు.

సారు లేచి గోడ దగ్గరికి వెళ్ళాడు. స్కేలు తీసుకుని అవ్వ గడి పక్కన ఇంకో గడి గీయబోయాడు. చోటు చాలలేదు. అటు పెదనాన్న పిల్లల గడులు, ఇటు సారు తండ్రి గడి. స్కేలు అక్కడే ఆనించి ఊరికే నిలబడ్డాడు. వకీలుకు ఫోను చేశాడు, రెండు నిమిషాల్లో పెట్టేశాడు. అక్క పుట్టుక చెల్లెలికి హక్కు ఇవ్వదట. నా చేతనైన పని టీ పెట్టడం, పెట్టాను. ఎవరూ తాగలేదు.

సారు మీద నాకు చాలాసార్లు కోపం వచ్చింది గానీ, ఆ రోజు ఆయన్ని చూస్తే జాలేసింది. అంత చదువుకున్న మనిషి, ఎన్నో దేశాలతో మాట్లాడగల మనిషి, ఒక పసిబిడ్డ చావు ముందు చేతులు ముడుచుకుని నిలబడ్డాడు.

సంగతి విన్న డ్రైవరు తమ్ముడు నోరు తెరిచేశాడు. “సచ్చిన పోరి పేరు మల్ల ఎట్ల పెడ్తరక్కా? భయం గాదా?”

నాకూ అదే ఎక్కలేదు. మా వైపు బిడ్డ పోతే తర్వాతి బిడ్డను పెంటకుప్ప మీద దొర్లించి, చాటలో వేసి, ఎవరితోనో తవుడుకు కొనిపించి, వినడానికే అసహ్యమైన పేరు పెడతారు. చావు దానివైపు చూడకూడదని. మా చిన్నమామ పేరు అలాంటిదే, పెళ్ళిపత్రికలో వేయడానికి మొహమాటపడి మార్చుకున్నాడు. పోయినదాని పేరు మాత్రం ఇంట్లో ఎవరూ ఎత్తరు.

సామాను సర్దడం మొదలైంది. అర్జెంటీనాలో ఒక వృద్ధాశ్రమంలో అవ్వకు మంచం, దగ్గర్లో సారుకు అద్దెగది. నాకు ఊరికి టికెట్టు. అవ్వ తిండి మానేసింది. చెంచా నోటి దగ్గర పెడితే పెదవులు బిగించేది. మతి తప్పడం వల్ల ఆ కాల్ మరచిపోతుందేమోనని నేను దేవుళ్ళకు మొక్కుకున్నాను. తిన్నదీ తిననిదీ మరచిపోయింది గానీ, అది మాత్రం మరవలేదు.

“ఇక దాని దగ్గరికి ఎవరు పోతారు?” అంది ఒక మధ్యాహ్నం. అప్పటికి ఆ మాట ఎన్నోసారో. చేతిలో సూపు చల్లారిపోతోంది. నాకు తిక్క రేగింది.

“ఎప్పుడో పోయిన బిడ్డను పట్టుకుని ఎన్నేళ్ళు ఏడుస్తారు మీరు? మా దేశంలో పేరు కూడా ఎత్తరు. కడుపులో పెట్టుకుని పని చూసుకుంటారు.”

అవ్వ నా వైపు చూసింది. “మీ దేశంలో ఎవరి బిడ్డ?”

అంత గట్టిగా ఎందుకు అరిచానో ఆమెకు అర్థమైపోయింది, నాకూ అప్పుడే అర్థమైంది.

నాకు ముందొక బిడ్డ. అప్పుడప్పుడే పాకుతోంది. జ్వరమొస్తే రాయచోటి ఆస్పత్రికి బస్సులో తీసుకుపోయాను, అదే బస్సులో నా ఒళ్ళోనే తిరిగొచ్చింది. ఇంటి దగ్గర మగవాళ్ళు నా ఒళ్ళోంచి తీసుకున్నారు. ఆడవాళ్ళు అక్కడికి పోరు. పిల్లను కాల్చరు, పూడ్చిపెడతారు, దినం చెయ్యరు, గుర్తు పెట్టరు. తర్వాత పుట్టిన నా ఇద్దరు పిల్లలకు తమకు అక్క ఉండేదని తెలియదు. రేషన్ కార్డులో ఎక్కకముందే పోయింది. మా వంశానికి ఎవరైనా గోడ మీద చెట్టు వేసినా ఆమెకు అందులో గడి ఉండదు.

ఇదంతా అవ్వకు ఏ భాషలో చెప్పానో గుర్తులేదు.

“పేరేమిటి?” అంది.

చెప్పాను. నా నోటితో ఆ పేరు విని ఎన్నేళ్ళయిందో. పలకడం సరిగ్గా వచ్చిందా అని భయమేసింది.

“రెండోదానికి అదే పెట్టావా?”

“లేదవ్వా.”

“మరి దాన్ని ఎవరు పిలుస్తారు?”

నేను సూపులో చెంచా తిప్పాను. ఆమె ఊరుకోలేదు. “ఎక్కడుంది? నువ్వు ఊరికి పోతున్నావుగా. నువ్వన్నా పోవచ్చు. ఎక్కడుంది?”

సూపు గిన్నె కింద పెట్టి, అక్కడే, మంచం అంచున కూర్చునే మా ఆయనకు ఫోను చేశాను. ఊళ్ళో సాయంత్రం. బర్రెల దగ్గరున్నట్టున్నాడు, గంట చప్పుడు వినబడుతోంది.

“ఏం మే, ఈ యాళప్పుడు చేసినావు?”

“పాపను యాడ పెట్టినారు?”

“ఏ పాపను?”

“మన పెద్దపాపను.”

“ఇప్పుడెందుకు మే అది?”

“చెప్పు.”

“నాయన ఎత్తుకపోయినాడు. నన్ను రావద్దనె. వంక గట్టు కాడనుకుంటా.”

“అనుకుంటా ఏంది? నువ్వు పోలేదా?”

“పోలేదు. నాయన చెప్పలే, నేనడగలే. అడిగే ధైర్యం లేకపాయ. ఇప్పుడు ఎవర్నని అడిగేది మే? నాయన పోయి ఎంత కాలమాయ.”

ఫోను పెట్టేశాను. ఇన్నేళ్ళూ ఆ చోటు నాకు తెలియకపోయినా ఆయనకు తెలుసనే అనుకున్నాను. ఎప్పుడైనా గుండె రాయి చేసుకుని అడిగితే, చెయ్యి పట్టుకుని తీసుకుపోయి చూపిస్తాడనుకున్నాను. ఆ ధైర్యంతోనే అడగకుండా బతికాను.

అవ్వ ఎదురుచూస్తోంది.

“తెలియదంట” అన్నాను.

“ఎవరికీ?”

“ఎవరికీ తెలియదంట అవ్వా.”

ఆమె నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, నేను చెప్పిన పేరును తన నోటికి వచ్చినట్టు పలికి, ఏడవడం మొదలుపెట్టింది. ఆ బిడ్డ కోసం నేను కాక ఇంకొకరు ఏడవడం చూసింది అదే మొదటిసారి.